అడిగింది అమ్మాయిని

మా అమ్మాయి బి.ఎడ్. ముగించాక తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. సెల్ ఫోన్లు ఊళ్ళో ఒకరిద్దరి చేతుల్లోనే కనపడుతున్న రోజులు. పెదపాడు దగ్గర మా ఊరి నుంచి దాన్ని ఒక్కదాన్నీ పంపడం నా వల్ల కాలేదు. తోడు వెళ్ళాను. గది లోపలికి కూడా వెళ్ళాను.

“ఏ సబ్జెక్టు చెబుతావమ్మా?” అన్నారు హెడ్మాస్టరు గారు.

“లెక్కలండీ,” అన్నాను నేను.

“హాస్టల్లో ఉంటావా?”

“లేదండీ. రోజూ నేనే తీసుకొస్తాను.”

ఆయన కళ్ళజోడు తీశారు. “ఉద్యోగం మీకాండీ, అమ్మాయికా?”

“ఆయనకే ఇచ్చెయ్యండి సార్. నాకన్నా బాగా చెబుతారు,” అని అమ్మాయి లేచి వెళ్ళిపోయింది.

దాని బదులు నేను మాట్లాడటం నాకు కొత్త అలవాటు కాదు. చేపల చెరువు గట్టు మీద పెరిగి ఈత రాని పిల్ల మా ఊళ్ళో అదొక్కతే. నేనే దిగనివ్వలేదు. దాని చిన్నప్పుడు ఏలూరులో డాక్టరు గారు “నొప్పెక్కడమ్మా?” అంటే “కుడివైపండీ” అన్నాను. నొప్పి ఎడమవైపు. ఇంటికొచ్చేదాకా అది నోరెత్తలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను.

తిరుగు బస్సులో తన పక్క సీట్లో బ్యాగు పెట్టేసింది. నేను వెనక కూర్చున్నాను.

“ఏలూరు, ఒకటండీ,” అంది కండక్టరుతో.

“వెనకాయన మీతో రాలేదా అమ్మా?”

“ఆయన్నే అడగండి. ఆయనకి మాటలొచ్చు.”

ముందు సీట్లవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. కండక్టరు నా దగ్గరికొచ్చి “ఎక్కడికండీ?” అంటే నాకు వెంటనే మాట రాలేదు.

ఏలూరు బస్టాండులో దిగాక అన్నాను, “భయంతోనే కదమ్మా ఇదంతా.”

“మీకు భయమైతే మీరు ఇంట్లో కూర్చోవాలండీ. నన్నెందుకు కూర్చోబెట్టారు?”

అంతవరకూ అది నన్ను నువ్వనేది.

మర్నాడు ఒక్కతే వెళ్ళి హెడ్మాస్టరు గారితో మాట్లాడుకుని వచ్చింది. ఉద్యోగంలో చేరింది, హాస్టల్లోనే ఉండిపోయింది. ఎప్పుడైనా ఇంటికొస్తే “భోంచేశారాండీ?” అంటుంది. మా వైపు అండీ అనడం మర్యాదే. పరాయివాళ్ళతోనూ అలాగే అంటాం.

“అమ్మాయి ఎన్నాళ్ళుంటుందండీ?” అని చుట్టాలు నన్నడుగుతారు.

“అమ్మాయినే అడగండి,” అంటాను.

బుద్ధొచ్చి అంటున్నాననుకుంటారు. నిజానికి నాకు తెలియదు.