చెయ్యి పడిన తోలు సంచులు

మా వంశానికి మూలపురుషుడైన అరమండ్ల వీరరాఘవ నాయని వారు కుంఫిణీ దొరలకు దుబాసీగా ఉండి చెన్నపట్నంలో మూడు వీధులు కట్టించారు. ఆయన మనుమడు చెంగల్రాయ నాయని వారి కాలానికి పురసవాకంలోని మా ఇంటి ముందు చెప్పులు విడిచి నడవడం ఆ చుట్టుపక్కల మర్యాద. ఆయన మనుమడు కృష్ణస్వామి నాయుడు గారు మా నాయన. నేను ఆయన ఒక్కగానొక్క కూతురిని, రాజ్యలక్ష్మిని. ఇదంతా గొప్ప కోసం కాదు, తరువాత చెప్పబోయేది ఎవరి ఇంట జరిగిందో తెలియడం కోసం చెబుతున్నాను.

మొన్న వానలో తడిసి వచ్చిన కొరియరు మనిషి మా అపార్టుమెంటు మెట్ల మీద తన భుజాన ఉన్న పాత తోలు సంచి దించినప్పుడు, తడితోలు వాసన, దాని అడుగున ఏదో ఉప్పు వాసన ఒక్కసారిగా పైకి లేచాయి. ఎనభై దాటిన దాన్ని, గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ వాసన నాకు తొమ్మిదో ఏట తెలిసింది.

యాభైల నడిమి సంవత్సరాలవి. ఐప్పసి నెల వానలు మొదలైతే మా ఇంటి మండువాలో నాలుగు మూలలా నాలుగు ధారలు పడేవి, గోడల సున్నం ఉబ్బి పేలాల్లా రాలేది, దీపావళికి మా అవ్వ వండే అతిరసాల, అదే అరిసెల, బెల్లం వాసన, అల్లం మిరియాలు దంచి చేసే లేహ్యం ఘాటు, తడిసిన బాణసంచా కంపు కలిసి మూడు రోజులు ఇంట్లోంచి కదిలేవి కావు. నేను నడవలో కూర్చుని ఒంటరిగా అచ్చనగండ్లు ఆడుకునేదాన్ని. వీధి పిల్లలతో ఆడే అలవాటు మా ఇంట్లో లేదు.

లేని అలవాటు ఇంకొకటి, అంగట్లో వస్తువును చేత్తో పట్టి చూడడం. చెంగల్రాయ నాయని వారి కాలంలో అంగళ్ళవాళ్ళే సరుకు తెచ్చి మండువాలో పరిచేవారట. ఆయన చెయ్యి దేనిమీద పడితే అది మా ఇంటిదే. బేరం లేదు, వెనక్కి పెట్టడం లేదు. ఆ దర్జా పోయినా నియమం మాత్రం మిగిలింది. అందుకని మా ఇంటి పిల్లలకు నడక వచ్చిన నాటి నుంచీ బజారులో చేతులు వెనక్కి కట్టుకుని నడవడం నేర్పేవారు. సంగతి తెలిసిన కొట్లవాళ్ళు అమ్ముడుపోని సరుకంతా మా అవ్వ చేతికి తగిలేట్టు జరిపేవారు. అలాగే ఒకసారి మూర్ మార్కెట్టు నుంచి ఆమె ఒక గ్రామఫోను బూర తెచ్చింది. గ్రామఫోను మాకు లేదు. ఏళ్ళ తరబడి ఆ బూరలో కోళ్ళు పొదిగాయి.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక నాయనకు ఒక మందుల కంపెనీలో పని దొరికింది. వ్యాసర్పాడి నుంచి తిరువొత్తియూరు దాకా మందుల షాపులకు వెళ్ళి, టానిక్కు సీసాలు చూపించి, ఆర్డర్లు తేవాలి. యుద్ధమయ్యాక ఊరు విడిచిపోయిన ఒక దొర దగ్గర మా తాత కొన్న మోటారు సైకిలు ఇంకా మాకు ఉంది గనుకనే ఆ పని ఇచ్చారు. సీసాలు పెట్టుకోను వెనక చక్రానికి అటొకటి ఇటొకటి సంచులు కావాలి. సోమవారం లోపల.

శనివారం పొద్దున నన్ను వెనక కూర్చోబెట్టుకుని నాయన పెరియమేటలో ఏసురత్నం కొట్టుకు వెళ్ళాడు. ఏసురత్నం గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన క్రైస్తవుడు, గుర్రపు జీన్లు కుట్టిన చేతులతో మోటారు సైకిళ్ళకు సీట్లూ సంచులూ కుట్టేవాడు. దారంతో క్యారియరు కొలిచాడు, సైలెన్సరుకు జానెడు ఎడం ఉండాలన్నాడు, లేకుంటే తోలు కాలుతుందన్నాడు. ముందు కాన్వాసు జత చూపించాడు.

“ఇది లేస్సు దొరా, బరువే ఉండదు. టక్కని తెరవొచ్చు. అమ్మే సరుకంటే తెరిచేదిదా ముఖ్యం.”

“సంతలో గాజులమ్మేవాడి మూటలా ఉంది,” అన్నాడు నాయన. “సీసాలు బయటికి కనపడకూడదు.”

“కనపడకుంటే ఎట్ట అమ్మేది?” అని ఏసురత్నం నవ్వాడు. నాయన నవ్వలేదు.

రేకు పెట్టెలు వద్దన్నాడు. కంపెనీ పేరు రాయించుకోను మూత మీద చోటున్న బూడిదరంగు జత వద్దన్నాడు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను కొట్టు లోపలి మూలకు వెళ్ళాను. అక్కడ మేకుకు ఒక నల్లతోలు జత వేలాడుతోంది. కొట్లో ప్రతిదాని మీదా వేలెడు దుమ్ముంది, ఆ జత మీద లేదు. వెనక కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో నాకు తెలియదు. అరచేయి ఎడమ సంచి మీద ఆనించాను. వాననీట్లో నిలబడిన బర్రెను తాకినట్టు చల్లగా ఉంది, ఆ చల్లదనం కింద మెల్లగా ఏదో ఊపిరి తీస్తున్నట్టు తోచింది.

“అది వద్దు పాపా!” అని ఏసురత్నం లేచాడు. “ఎవరో చేయమని చెప్పి రానేలేదు దొరా. ఆమీట ముగ్గురు కొన్నారు. ముగ్గురూ తెచ్చి ఈడనే పెట్టేసినారు.”

“ఏం చెప్పి?”

“బరువంట. ఏమీ లేకున్నా బరువంట.”

నాయన నా చెయ్యి వైపు చూశాడు. తిట్టలేదు. “మా పాప చెయ్యి వేసింది. కట్టు,” అన్నాడు.

సోమవారం నుంచి నాయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచికి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు సీసాలు సర్దుకుని వెళ్ళేవాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చి, సంచులు విప్పి వసారాలో కొక్కేనికి తగిలించేవాడు. అవి అక్కడ ఉండుండి మోగేవి, సీసా సీసాకు తగిలినట్టు ఒక్కసారి, మళ్ళీ చాలాసేపటికి ఒక్కసారి. రైలు పోతే అదురుతాయిలే అనేది అమ్మ. రైలు లేనప్పుడూ మోగేవి. నేను రోజూ ఎడమ సంచిని రెండు చేతులతో ఎత్తి చూసేదాన్ని. పొద్దున ఎంత బరువో సాయంత్రమూ అంతే. వారమైంది, పది రోజులైంది, ఒక్క సీసా బరువు తగ్గలేదు. నాయన మాత్రం తగ్గుతున్నాడు, చొక్కా మెడ వదులైంది. ఒక సాయంత్రం సంచి అడుగున చెయ్యి పెడితే తడి ఇసుక తగిలింది. ఆ రోజు తాను వెళ్ళింది వ్యాసర్పాడికని చెప్పాడు. వ్యాసర్పాడిలో సముద్రం లేదు.

సంచులు చేయించి తీసుకుపోని ఆ మనిషి సముద్రంలో పోయాడనీ, రోజూ వచ్చి ఆ సంచిలో కూర్చుంటున్నాడనీ, చెయ్యి వేసి పిలిచింది నేనేననీ నాకు ఖాయమైపోయింది. అవ్వతో చెప్పాను. ఆమె వక్క కొరుకుతూ, “ముట్టుకునిండేది నువ్వు. నువ్వే పోయి చూడు,” అంది.

బడి లేని రోజు చూసి, నేనూ వస్తానని మొండికేశాను. ఆయన కాదనలేకపోయాడు. వ్యాసర్పాడి రైలుపెట్టెల వరసలు దాటాం, మందుల షాపులు ఒకటి, రెండు, అయిదు దాటాం. బండి ఆగలేదు. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ గోడ పక్క సందులోంచి దిగి, జాలరి గుడిసెల అవతల ఇసుకలో ఆగింది.

వలలు ఆరబెడుతున్న నెల్లూరు వైపు జాలరి ఆడమనిషి ఒకతె నాయనను ఎరిగినట్టు పలకరించింది. “ఏం అన్నా, ఈపొద్దు బిడ్డను తెచ్చినావే! మంచిది, ఆ బేగులతో మాట్లాడేది చాలించి బిడ్డతో మాట్లాడు.”

నాయన నన్ను గవ్వలేరుకోమన్నాడు. నేను పడవ చాటున నిలబడి చూశాను. ఆయన రెండు సంచులూ విప్పి ఇసుకలో పక్కపక్కన నిలబెట్టాడు. వాటి ఎదుట నిలబడి, చొక్కా సరిచేసుకుని, చేతులు జోడించాడు. “నమస్కారమండీ. మందుల కంపెనీ తరఫున వచ్చాను. నా పేరు అరమండ్ల...” అని ఆగిపోయాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. “నమస్కారమండీ...” మళ్ళీ ఇంటిపేరు దగ్గరే ఆగిపోయాడు. సముద్రపు గాలికి ఎడమ సంచి మూత లేచి పడుతోంది, వింటున్నాను, కానివ్వు అన్నట్టు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. మబ్బు కింద, జోడించిన చేతులతో, రెండు నల్ల సంచుల ముందు మా నాయన. దయ్యమైనా అంతకన్నా భయపెట్టేది కాదు.

తిరుగు దారిలో రైల్వే గేటు వేసి ఉంది. పక్కనే ఒక మందుల షాపు. నేను బండి దిగి, ఎడమ సంచి పట్టీ ఊడదీసి, రెండు సీసాలు తీసుకుని లోపలికి నడిచాను. సీసాలు బల్ల మీద పెట్టి చేతులు జోడించి, ఇసుకలో విన్నదంతా ఇంటిపేరుతో సహా ఆగకుండా చెప్పేశాను.

బల్ల వెనక ముసలాయన కళ్ళద్దాలు పైకి నెట్టాడు. “అరమండ్ల వాళ్ళా? పురసవాకం దుబాసీ ఇంటోళ్ళా? అయ్యయ్యో, మీ ఇంటి ముందర మా నాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినాడమ్మా! నువ్వా టానిక్కు అమ్మేది?” అని గట్టిగానే నవ్వాడు. ఎగతాళి కాదు, ఆశ్చర్యం. ఆ రెండు సీసాలూ ఉంచుకుని, ఇంకో డజను పంపమని చీటీ రాసిచ్చాడు.

బయట నాయన పోతున్న రైలు వైపు చూస్తున్నాడు. అంతా విన్నాడని ఆయన వీపు చెప్పింది. చీటీ చేతిలో పెడితే మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఎడమ సంచి ఎత్తితే దూదిలా లేచి వచ్చింది, రెండు సీసాలు తగ్గితే తగ్గవలసిన దానికన్నా ఎంతో ఎక్కువగా. నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. నాయనను కాపాడాననుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన సీసాలు కంపెనీకి తిప్పి ఇచ్చి, పని వదులుకుని, నన్ను ఎక్కించుకుని పెరియమేటకు వెళ్ళాడు. రెండు చేతులతో ఆ జతను ఏసురత్నం బల్ల మీద పెట్టాడు. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ ఏ అంగట్లోనూ చేయని పని అది. ఏసురత్నం ఎడమ సంచిని ఎత్తి చూసి ముఖం చిట్లించాడు.

“ఇది లేస్సుగా ఉందే దొరా?”

“నాకు కాదు,” అన్నాడు నాయన.

ఏసురత్నం ఆ జతను తీసుకెళ్ళి పాత మేకుకే తగిలించాడు. దారిలో నాయన ఒక్కటే మాట అన్నాడు. “మంచిగా చెప్పినావమ్మా. ఇంక చెప్పవద్దు.”

పెరియమేటలో ఇప్పుడు ఆరె పట్టి తోలు కుట్టేవాళ్ళు లేరు. అన్నీ ప్లాస్టిక్కు సీటు కవర్ల అంగళ్ళు. తిరువొత్తియూరులో ఆ ఇసుకను సముద్రం తినేసింది, మిగిలిన చోట నల్లరాళ్ళు పోశారు. మా వీధిలో చెప్పులు విడిచి నడిచినవాళ్ళను చూసినవారు నాకు తెలిసి ఎవరూ బతికి లేరు. మోటారు సైకిలును ఆ మార్గళి నెలలోనే వ్యాసర్పాడి రైల్వే ఫిట్టరు ఒకాయన కొన్నాడు. ఇంటిని తరువాతి సంవత్సరం, మొదట పెరడు, పిమ్మట మండువా, రెండు ముక్కలుగా అమ్మాము.