యోహాను మేస్త్రీకి చెప్పలేని జవాబు

మొన్న మన సైన్యం ఎదురుదాడి చేసిందన్న వార్త రాగానే కర్నూలులో మా వీధి మలుపున టపాసులు కాల్చారు. కిటికీ మూసినా మందు వాసన గదిలోనే ఉండిపోయింది. ఆ వాసనకు నాకు పండుగలు గుర్తుకు రావు. బేతంచెర్ల దగ్గర రాతిగనిలో బండలకు మందు తూటాలు పెట్టి పేల్చే యోహాను మేస్త్రీ గుర్తొస్తాడు. నేను ఆ గనిలో గుమాస్తాగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

చేరిన వారంలోనే ఒక తూటా పేలలేదు. చూద్దామని లేచాను. మేస్త్రీ చొక్కా పట్టి లాగాడు. “యాడికప్పా పోతాండావు, పెండ్లికా?” ఎందుకు పేలలేదో చూస్తానన్నాను. “నువ్వు చూసేలోపల అదే నిన్ను చూస్తాది. కూచో.” ఎండలో చాలాసేపు కూర్చోబెట్టాడు. “భయమైతే ఇంటికి పోదాం పా, మేస్త్రీ” అని ఒక కూలీ ఎగతాళి చేశాడు. “ఈపొద్దు పోతే రేపు నీ కాలికిందనే పేల్తాది” అన్నాడాయన. చివరికి ఎవరినీ పంపకుండా తానే వెళ్లి ఆ తూటాను పేల్చేసి వచ్చాడు.

ఆ తర్వాత పదేళ్లకు, సైన్యంలో ఉన్న ఆయన కొడుకు సామ్యేలు ఉగ్రవాదుల దాడిలో చనిపోయాడు. సమాధి చేసిన మూడోనాడు చర్చి ముందు సంతాపసభ పెట్టి మైకు నాకిచ్చారు. ఆ దుండగులు పుట్టిన ఊళ్లకు ఊళ్లనే బూడిద చేయాలన్నాను. చప్పట్లు మోగాయి. మేస్త్రీ ముందు వరుసలోంచి లేచాడు. “ఆ ఊర్లల్లో ఎవరెవరుండారో నీకు తెలుసునా?” వెనుక నుంచి ఎవరో, “అయితే క్షమించి వదిలేద్దామా, మేస్త్రీ?” అన్నారు. “వదిలేయమని నేనంటినా? నా బిడ్డను సంపినోడు నాకు కావాల. వాడే కావాల. వాని పక్కింటోడు నాకెందుకప్పా?”

కొన్ని నెలలకు సైన్యం ఆ ఉగ్రవాదుల స్థావరాల మీద దాడి చేసింది. పత్రిక తీసుకుని ఆయన ఇంటికి పరుగెత్తాను. ఆయనకు చదువు రాదు. నేను శీర్షిక చదవగానే, “వాడు ఉండెనా ఆడ?” అని అడిగాడు. ఉన్నాడని చెప్పాలనిపించింది. ఆ ఒక్క మాటతో ఆ తండ్రి కంటినిండా నిద్రపోయేవాడు. వార్తంతా వెతికాను. ఎంతమంది చనిపోయారో ఉంది, ఎవరో లేదు. “తెలియదు మేస్త్రీ” అన్నాను. “తెలిసినంక వచ్చి చెప్పు” అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

దేశం ఊరుకోకూడదనే విషయంలో ఆయనకు సందేహం లేదు, నాకూ లేదు. కానీ దెబ్బ ఎవరికి తగిలిందో తెలియకుండా న్యాయం జరిగిందని ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. ఆయన బతికినన్నాళ్లూ చెప్పడానికి ఏమీ లేకుండానే ఆ ఇంటికి వెళ్లి కూర్చునేవాణ్ణి. అడగడం మానేశాడు. నేను గడప దాటగానే నా ముఖం వైపు చూసేవాడు, అంతే. ఇప్పుడు ఏ దాడి వార్త వచ్చినా శీర్షిక దగ్గర ఆగలేను. చివరి పంక్తి దాకా పేర్ల కోసం వెతుకుతాను.