పొగాకు – లేదు

మా ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లెవరూ పొగాకు ముట్టరు. నేనంటున్న మాట కాదు, కేసు షీట్లు అంటున్నాయి. తిరువూరు చుట్టుపక్కల మిరప కోతలకీ మామిడి తోటలకీ పోయే ఆడకూలీల్లో సగంమంది బుగ్గన పొగాకు ముక్క లేనిదే పొద్దు గడపలేరని ఊళ్లో చిన్నపిల్లకైనా తెలుసు. మా షీట్లకి మాత్రం తెలీదు, పాపం.

ఎలా తెలుస్తుంది? అడిగే తీరు అట్లా ఏడిసింది మరి. ఓపీ చీటీ రాసే కౌంటర్ దగ్గర, వెనక లైనంతా చెవులు రిక్కించి వింటుంటే, కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి తలెత్తకుండా "బీడీ, సిగరెట్టు, పొగాకు ఏమన్నా ఉన్నాయా" అని గట్టిగా అడుగుతుంది. మగాళ్లయితే ఇకిలించి ఒప్పుకుంటారు. ఆడమనిషి ఏమని చెబుతుంది? అందులోనూ బాప్తిస్మం తీసుకున్నప్పుడు అవన్నీ మానేస్తానని సంఘం ముందు మాటిచ్చిన మనిషి? చాలాసార్లు ఆ అడగడం కూడా ఉండదు. చీర కనబడితే చాలు, ‘లేదు’ మీద నొక్కేస్తారు.

ఆ షీట్లన్నీ చివరికి నా బల్ల మీదికే వస్తాయి. నేను మెడికల్ కోడర్‌ని. డాక్టరు రాసిన ప్రతి జబ్బుకీ దానికి కేటాయించిన కోడ్ వేసి రికార్డుల్లోకీ ఇన్సూరెన్సుకీ పంపడం నా ఉద్యోగం. పొగాకు వదల్లేనివాళ్లకి ఒక కోడ్, ఊరికే వాడేవాళ్లకి ఇంకొకటి, మానేసినవాళ్లకి మరొకటి. ఇవన్నీ హైదరాబాదులో కోర్సు చేసి, పరీక్ష రాసి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించుకుని మరీ వచ్చాను. మాకు మొట్టమొదట నేర్పేదేంటంటే, డాక్టరు రాయనిది మేం వేయకూడదు. కళ్లారా చూసినా సరే. ఎద్దు ఈనిందని ఆయన రాస్తే దూడని కట్టేయడమే మా పని.

నిరుడు వేసవిలో మా ఎదురింటి పిన్ని షీటు వచ్చింది. సొంత పిన్ని కాదు, వరసకి అలా పిలుస్తాను. కూలికి పోతుంది, ఆదివారం చర్చిలో ముందు చాప మీద కూర్చుంటుంది. నోరు మంట, కారం తగిలితే ఓర్చుకోలేకపోతోంది, ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ. పొగాకు – లేదు. డాక్టరుగారు బి కాంప్లెక్స్ గోళీలు రాసి పంపించేశారు. ఆయన రోగి నోట్లోకి చూసే సేపుకంటే చేతిలో ఫోన్లోకి చూసే సేపే ఎక్కువ.

నాకు నవ్వొచ్చింది. లేదంట! నా చిన్నప్పుడు కొట్టుకెళ్లి ఆవిడకి పొగాకు కొనుక్కొచ్చిందే నేను.

ఇలాంటప్పుడు మాకొక దారుంది. డాక్టరుకి కాగితం మీద ప్రశ్న రాసి పంపొచ్చు, దాన్ని క్వెరీ అంటారు. కాకపోతే ఆ ప్రశ్నలో మనం జవాబు అందించకూడదు. షీట్లో పొగాకు ‘లేదు’ అని ఉంది కాబట్టి నేను ఆ మాట ఎత్తకూడదన్నమాట. ఎంతో పద్ధతిగా రాశాను, ‘బుగ్గలోని మచ్చకు కారణం ఏదైనా గుర్తించి ఉంటే దయచేసి తెలుపగలరు’ అని. ఆయన ‘పోషకాహార లోపం’ అని గిలికి సంతకం పెట్టారు. నేను దానికి కోడ్ వేసి ఫైలు మూసేశాను. ఆయన గది నా గది పక్కనే. లేచి వెళ్లి, "సార్, ఆవిడ పొగాకు నములుతుందండీ" అంటే నా సొమ్మేం పోయేది? పిన్ని గుమ్మం ముందు నుంచే రోజూ డ్యూటీకి వెళ్లేదాన్ని. అక్కడ ఆగి ఒక్క మాట అన్నానా? అదీ లేదు. కాగితం మీద నా పని సక్రమంగా ఉంది, అంతే చాలనుకున్నాను.

తర్వాత రికార్డులు తనిఖీ చేయడానికి విజయవాడ నుంచి ఆడిటరొచ్చాడు. ఎండల్లో కూడా టై విప్పని రకం. ఫైళ్లన్నీ తిరగేసి, వెతికి వెతికి నా క్వెరీనే బయటికి తీశాడు. ప్రశ్న అంటే ఇలా ఉండాలని, ఎక్కడా డాక్టరుగారి నోట్లో మాట పెట్టలేదని స్టాఫందరి ముందూ చదివి వినిపించాడు. చప్పట్లు కొట్టారు. ఆ ఫైలు ఎవరిదో, ఆ మనిషి ఎలా ఉందో ఆ గదిలో ఒక్కళ్లూ అడగలేదు. నేను మాత్రం సిగ్గు లేకుండా మెలికలు తిరిగిపోయాను.

వానలు పడేసరికి పిన్ని నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. ఈసారి డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరమ్మ చూసి, భయపడి విజయవాడ పంపించింది. అక్కడి పెద్ద డాక్టరు ఆవిడ వెంట వచ్చినవాళ్లందర్నీ బయటికి పంపి, తలుపు వేసి, "బుగ్గలో ఏం పెట్టుకుంటావమ్మా" అని అడిగాడట. పిన్ని చెప్పేసింది. అంతే, అదీ ఆ మహావిద్య. ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్ అని తేలింది. ఎడమ బుగ్గా, కింద దవడలో కొంతా తీసేశారు.

అక్కణ్ణుంచి వచ్చిన కాగితాల్లో ‘ముప్పై ఏళ్లుగా పొగాకు నములుతోంది’ అని మొదటి వాక్యమే ఉంది. డాక్టరు రాశాడు కాబట్టి ఇక వేసుకోవచ్చు. వేశాను. ఛీ, నా ఉద్యోగం.

ఇంటికి తీసుకొచ్చాక జావ కాచి పట్టుకెళ్లాను. మొహానికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. మాట ముద్దగా, నెమ్మదిగా వస్తోంది. నా నోరు ఊరుకోదుగా, కౌంటర్లో లేదని ఎందుకు చెప్పావని నేనే ఎదురు కసిరాను. వెనకే పాస్టరమ్మగారు నిలబడి ఉన్నారని చెప్పింది. గుడ్డతో పెదవి తుడుచుకుంది.

"అయినా నువ్వు లోపలే ఉంటావు కదే. డాక్టరుగారికి నువ్వు చెప్పే ఉంటావని ధైర్యంగా ఉన్నా."

చెప్పలేదు పిన్నీ, అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. నా చేతిలోంచి జావ గ్లాసు తీసుకుని, "నీకున్న పనిలో మర్చిపోయుంటావులే" అంది.

అవును పిన్నీ, మర్చిపోయాను, అన్నాను.