రెండు రోజులకే నిండిన డబ్బా

దయ్యం పట్టిందని నా షెడ్డుకు వచ్చిన లారీలు ఇప్పటికి మూడు. ఒకదానికి హారన్ దానంతటదే మోగేది. ఇంకోదానికి వాన లేకున్నా వైపర్లు ఆడేవి. మూడోది ఘాట్ ఎక్కేటప్పుడు ఆడమనిషి ఏడ్చినట్టు శబ్దం చేసేది. డ్రైవర్లు నిమ్మకాయలు కట్టి, దిష్టి తీయించి, ఏం చేసినా పోకపోతే నా దగ్గరికి తెచ్చినారు. మొదటి దానికి వైరు రాసుకొని పైతోలు ఊడింది. రెండోదానికి స్విచ్చిలో తేమ. మూడోదానికి బేరింగు అరిగింది. కర్నూలులో నలభై ఏండ్లుగా మెకానిక్ పని చేస్తాండాను. దయ్యాల సంగతి ఎవరన్నా ఎత్తితే, ముందు ఫ్యూజు చూడప్పా అనే రకం నేను.

ఇప్పుడు చెప్పేది నాకే జరిగింది కాబట్టి చెప్తాండాను. వేరేవాళ్ళు వచ్చి చెప్పింటే టీ తాపించి పంపించేవాణ్ణి.

నా భార్య పేరు సుగుణ. పుట్టిల్లు బద్వేలు. మాకు పిల్లలు లేరు. గర్భసంచి ఆపరేషన్ అయినాక ఆమెకు ఒక ఇబ్బంది మొదలైంది. ఒంటికి వస్తే ఆపుకోలేకపోయేది. ఇంట్లో ఉన్నంతసేపు ఏం లేదు, ప్రయాణమంటేనే ప్రాణం మీదికి వచ్చేది. మన రోడ్ల మీద మగవాళ్ళు యాడంటే ఆడ నిలబడతారు. ఆడవాళ్ళకు చెట్టు చాటన్నా కావాలి, మన సీమలో ఆ చెట్టు కూడా మైలుకొకటి. అందుకని ఊరికి పోవాలంటే ముందురోజు సాయంత్రం నుంచే సుగుణ నీళ్ళు తాగడం మానేసేది. మా అమ్మ కూడా అట్లే చేసేది. మా ఇండ్లల్లో ఆడవాళ్ళందరికీ అది అలవాటే. అదొక కష్టమని నాకు ఎప్పుడూ తోచలేదు.

కొన్నేండ్ల కింద రాయచోటిలో సుగుణ పిన్నమ్మ కొడుకు పెండ్లి జరిగింది. జీపు నేనే నడుపుతాండాను. వెనకాల ఆమె తరపు చుట్టాలు ఆరుమంది ఉండారు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతాండగా, ఏమయ్యా, కొంచెం ఆపుతావా అని మెల్లగా అడిగింది. ముందర లారీ, వెనకాల లారీ. ఇంగ పది నిమిషాలు ఓర్చుకో అన్నాను. కాసేపటికి మళ్ళా అడిగింది. విననట్టే నడిపినాను. మూడోసారి అడగలేదు.

పట్టుచీర తడిసిపోయింది. సీటు తడిసింది. అప్పుడన్నా నేను నోరు మూసుకొని ఉంటే సరిపోయేది. చిన్నపిల్లవా నువ్వు అని అందరి ముందర అన్నాను. వెనక నుంచి ఎవరో ఒక టవలు అందించినారు. పెండ్లి అయ్యేదాకా సుగుణ ఆ టవలు ఒళ్ళో పెట్టుకొని జీపులోనే కూర్చుంది. అన్నం కూడా ఆడికే తెచ్చి ఇచ్చినారు, తినలేదు.

ఆ తర్వాత ఆమె కర్నూలు దాటలేదు. తల్లి చనిపోయిందని బద్వేలు నుంచి ఫోను వచ్చినా కదల్లేదు. మంచం మీద కూర్చొని, సెల్లులో వీడియో కాల్ పెట్టించుకొని, తల్లి శవపెట్టెను గుంతలోకి దించేది చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనింటే నాకు కొంచెం బాగుండేది.

తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు, నేను నేర్చుకోలేదు. నాకు తెలిసింది బండి పని. ఒక పాత వ్యాను కొని, సీట్లు పీకేసి, సినిమావాళ్ళ క్యారవాన్ మాదిరి చేయడం మొదలుపెట్టినాను. గండికోటకు వచ్చేవాళ్ళకు బాడుగకిస్తా అని సుగుణకు చెప్పినాను. నమ్మిందో లేదో. ఒక మధ్యాహ్నం షెడ్డుకు అన్నం తెచ్చి, బండి ఎక్కి, నేను పెట్టిన టాయిలెట్ తలుపు తీసి చూసింది. లోపల గడియ పెట్టలేదే అనింది. పెడతాలే అన్నాను. మరుసటి రోజే గట్టి ఇనుప గడియ తెచ్చి బిగించినాను. బొటనవేలితో బలంగా నెడితే తప్ప కదలదు అది.

బండికి రంగు వేయించకముందే సుగుణ పోయింది. పొద్దున్నే పొయ్యి కాడ పడిపోయింది, గుండె. ఆస్పత్రికి తీసుకపోయేటప్పటికే ప్రాణం లేదన్నారు.

ఆరు నెలలు బండి షెడ్డులో దుమ్ము పట్టింది. ఇంట్లో సాయంత్రం ఆరైతే చాలు, నాకు గోడలు మీదికి వచ్చేవి. టీవీ పెట్టుకొని కూడా ఉండలేకపోయినాను. ఒకరోజు బండి తుడిచి, ఒక పరుపు, ఒక గ్యాస్ పొయ్యి వేసుకొని బయలుదేరినాను. అప్పటినుంచి వారానికి మూడు నాలుగు రోజులు రోడ్డు మీదనే ఉండాను.

క్యారవాన్ టాయిలెట్ పెద్ద విద్యేం కాదు, ఎవరన్నా సొంతంగా బాగు చేసుకోవచ్చు. పైన కూర్చునే కుండీ, దాని అడుగున పక్కకు జారే మూత, మూత కింద మురికి పడే డబ్బా. డబ్బా నిండితే లోపలి బెండు పైకి తేలి ఎర్ర లైటు వెలుగుతుంది. అప్పుడు డబ్బాను బయటి తలుపులోంచి లాగి, సూట్‌కేసు మాదిరి ఈడ్చుకుపోయి, మామూలు లెట్రిన్‌లో పోసి కడుక్కోవాలి. మూత బిగుసుకుంటే రబ్బరుకు ఆముదం పూయాలి. గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి చెడిపోతుంది, బ్రేకు రబ్బర్లకు మేం పాతకాలం నుంచి ఆముదమే వాడేది. మన బోరు నీళ్ళకు కుండీలో తెల్లగా తెట్టు కడుతుంది, నిమ్మ ఉప్పు వేసి గంట నానబెడితే ఊడిపోతుంది. వాసన వస్తాంటే మూత రబ్బరు యాడో మడత పడిందని అర్థం. మొదటి ట్రిప్పులోనే ఇవన్నీ వచ్చినాయి, అన్నీ నేనే చేసుకున్నాను.

చేయలేకపోయింది ఒక్కటే. ఆ డబ్బా ఒక్క మనిషికి నాలుగు రోజులు రావాలి, ఇద్దరుంటే రెండు రోజులు. షెడ్డులో బకెట్లతో కొలిచి మరీ పెట్టినాను. పత్తికొండ పోయినప్పుడు రెండో రోజు సాయంత్రానికే ఎర్ర లైటు వెలిగింది.

బెండు ఇరుక్కొని తప్పు లైటు వెలుగుతాందనుకున్నాను. డబ్బా లాగితే చెయ్యి దిగిపోయేంత బరువుంది, నిజంగానే నిండింది. సరే, నీళ్ళు వదిలే వాల్వు కారుతాందేమో అనుకున్నాను. కుండీ పొడిగా తుడిచి, పాత న్యూస్‌పేపర్ పరిచి, బండికి తాళం వేసి టమాటా మార్కెట్టుకు పోయినాను. మూడు గంటలకు వచ్చి చూస్తే పేపరు పొడిగా ఉండాది. మూతకు కొత్త రబ్బరు వేసినాను. వాల్వుకు కొత్త వాషర్ వేసినాను. అయినా రెండు రోజులే.

ఆఖరికి కుండీకి నీళ్ళు వచ్చే మంచినీళ్ళ ట్యాంకుకు బయట టేపు అంటించి గుర్తు పెట్టినాను. డబ్బాలోకి ఎక్కువ నీళ్ళు పోతాంటే ఈ ట్యాంకులో తగ్గాల కదా. తగ్గింది నేను వాడుకున్నంతే. కింద మాత్రం ఇద్దరికి సరిపడా నిండింది. ఆ పైది యాడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. బండి తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకు ఉంటుంది.

నాకు భయమేం వేయలేదు, కోపం వచ్చింది. నాలుగు నట్లు, రెండు రబ్బర్లు ఉండే సామాను నన్ను ఎక్కిరిస్తాందనిపించింది.

ఆదోని రోడ్డులో ఒక పెట్రోలు బంకు ఉండాది. అక్కడి లెట్రిన్‌లో డబ్బా పోసుకోనిచ్చేవారు. బంకులో పని చేసే పెద్దాయన ఒకాయన నన్ను రెండు మూడుసార్లు గమనించినాడు. ఒకరోజు, ఏమప్పా, ఇంటామెను ఒకసారన్నా కిందికి దిగనీవా, ఆ ఎండలో లోపలే కూర్చోబెడతావా అని తమాషాగా అడిగినాడు. ఆయన ఎవరినీ చూడలేదు. రెండు రోజులకొకసారి డబ్బా మోస్తాండానని లోపల ఇంకో మనిషి ఉండాదనుకున్నాడు. ఆమెకూ టీ చెప్పేదా అన్నాడు. చెప్పు అన్నాను. రెండు గ్లాసులు తీసుకొని బండిలోకి పోయి, తలుపు వేసుకొని, రెండూ నేనే తాగినాను. తాగేటప్పుడు బాగా ఏడుపు వచ్చింది. సుగుణ పోయిన రోజు కూడా నేను అట్ల ఏడ్వలేదు.

అప్పటినుంచి నేను రిపేరు మానేసినాను. మనసులో ఒకటే పడింది, ఆమెను బద్వేలు తీసుకపోవాల. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పిచ్చి పట్టిందంటారు.

ఆళ్లగడ్డ మీదుగా పోయినాను. పొద్దున బయలుదేరి, ఎవరూ అడక్కుండానే గంటకొకసారి నీడ చూసి బండి ఆపుతా పోయినాను. మైదుకూరు దాటినాక మిట్టమధ్యాహ్నం ఒకచోట ఆపి, నాకే అవసరమై టాయిలెట్ తలుపు లాగినాను. రాలేదు. తలుపు సందులోంచి చూస్తే లోపలి గడియ వేసి ఉండాది.

కుదుపులకు పడిందనుకున్నాను. మెకానిక్ బుద్ధి యాడికి పోతుంది. సందులోకి స్క్రూడ్రైవర్ పెట్టి తీయబోయినాను. చెయ్యి ఆడలేదు. లోపల ఉన్న మనిషి తలుపు బయట నుంచి తీయకూడదు అనిపించింది, అంతే.

బండి దిగి, రోడ్డు పక్కన బండికి వీపు తిప్పుకొని నిలబడినాను. ఎదురుగా ఎర్ర నేల, దూరంగా గొర్రెలు, ఇంగ ఏం లేదు. లారీలు పోతాండాయి. కాసేపటికి నా నోటి నుంచే మాట వచ్చింది. నిదానంగా రా సుగుణా, తొందరేం లేదు, ఎంతసేపైనా ఉంటాను అన్నాను. ఆ రోజు ఘాట్‌లో తప్పు నాదే అని కూడా అన్నాను. మొదటిసారి అన్నాను ఆ మాట. వినేవాళ్ళు ఉండారో లేదో చూసుకోలేదు.

ఇరవై నిమిషాలు నిలబడింటాను. గడియ తీసిన చప్పుడు విన్నానని చెప్పను, ఆ లారీల మోతలో ఏదీ వినపడలేదు. తిరిగి ఎక్కి చూస్తే తలుపు ఓరగా తెరిచి ఉండాది.

తర్వాత ఆ గడియను పరీక్ష కూడా చేసినాను. కంకర క్వారీ రోడ్డులో పది మైళ్ళు తలుపు కొట్టుకునేటట్టు తోలినాను. గడియ ఇసుమంత కదల్లేదు.

బద్వేలులో సుగుణ చెల్లెలు రూతమ్మ ఉంటుంది. నన్ను చూసి బయటికొచ్చి, ఒక్కనివే వచ్చినావా బావా అని అడిగింది. ఊ అని తల ఊపినాను. ఇద్దరం క్యారవాన్‌లోనే సమాధుల తోటకు పోయినాము. అత్తమ్మ సమాధి కాడ రూతమ్మ ప్రార్థన చేసింది. నాకు ప్రార్థన రాదు. బండి తలుపు బార్లా తెరిచి పెట్టి, పక్కన చేతులు కట్టుకొని నిలబడినాను. అక్క ఒక్కసారి వచ్చింటే బాగుండు బావా అని రూతమ్మ అనింది.

మరుసటి రోజు కర్నూలుకు బయలుదేరినాను. డబ్బా కడిగి పెట్టుకొని దారిలో గండికోట కాడ ఆగినాను. రెండో రోజు లైటు వెలగలేదు. మూడో రోజు వెలగలేదు. నాలుగో రోజు సాయంత్రం వెలిగింది.

అప్పటినుంచి ప్రతి ట్రిప్పుకూ నాలుగు రోజులే. నేను ఏ నట్టూ తిప్పలేదు, ఏ రబ్బరూ మార్చలేదు. కారణం దొరకని రిపేరు నా సర్వీసులో ఇదొక్కటే. అప్పుడు ఎందుకు నిండిందో, ఇప్పుడు ఎందుకు నిండటం లేదో, ఎంత ఆలోచించినా నాకు తెగదు. తల్లి దగ్గరికి చేరేదాకే నా బండి ఎక్కిందేమో అనుకుంటాను. నా మీద కోపం పోయి ఎక్కిందో, వేరే బండి లేక ఎక్కిందో చెప్పేవాళ్ళు లేరు.

పోయిన నెల పత్తికొండలో ఉండగా వాల్వు నట్టు నేనే ఒక చుట్టు వదులు చేసినాను. చుక్క చుక్కగా కారి రెండో రోజు సాయంత్రానికి ఎర్ర లైటు వెలిగింది. పొయ్యి మీద అన్నం వదిలేసి పరిగెత్తినాను. డబ్బా తీసుకపోయి పోసి చూస్తే సగానికి పైగా మంచినీళ్ళే. చాలాసేపు ఆ డబ్బా పక్కన కింద కూర్చున్నాను. తర్వాత పానా తెచ్చి నట్టు బిగించినాను.