పలక మీద దేశం

ఫిన్లాండ్‌లో, కువోపియో ఊరి సంత ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా సైమి సైకిలు గొలుసు తెగింది. వెనక కట్టిన తోపుడుబండిలో స్ట్రాబెర్రీ బుట్టలు, నడినెత్తిన ఎండ. ఆ దారిన ఎవరైనా రావచ్చు గాని, వచ్చింది సంతలో ఆమె పక్క బల్ల తాపానీ వ్యాను.

"ఎక్కు పిన్నీ, నీ పళ్లు ఇక్కడే జామ్ అయ్యేలా ఉన్నాయి," అన్నాడతను. సైకిలూ బండీ ఎత్తి లోపల పెట్టేసరికి అతని కుడిచేతి బొటనవేలు చీరుకుపోయింది. రుమాలు చుట్టుకుని నవ్వాడు. ఆ నవ్వంటేనే సైమికి ఒళ్లు మంట.

ముప్పై ఒక్క వేసవులుగా ఆమె ఆ సంతలో పళ్లమ్ముతోంది. భర్త పోయిన ఏడు కూడా ఒక్క శనివారం మానలేదు. అయిదేళ్ల కిందట పక్క బల్లకి ఇతనొచ్చాక, ఆమె ముందు నిలబడే వరస కొద్దికొద్దిగా అటు ఒరిగింది. కూతుళ్ల పెళ్లిళ్లకు ఆమె పళ్లే కావాలన్నవాళ్లు ఇప్పుడు ఆమెకు చెయ్యూపి అతని దగ్గర నిలబడతారు. ఏ సంతకు వెళ్లి చూసినా అసూయకు ఒకటే పని: తన గంప వదిలేసి పక్క గంప తూచడం. సైమి అతని ముందున్న వీపుల్ని లెక్కపెట్టేది.

వ్యానులో ఆమె చూపు పెట్టెలకంటించిన చీటీల మీద పడింది. ఎస్తోనియా. తన తోట వానకు కుళ్లిపోయిందనీ, ఈ వారానికి సముద్రం అవతలి సరుకు తెచ్చాననీ తాపానీ దాపరికం లేకుండా చెప్పాడు. సైమి ప్రాణం లేచొచ్చింది. పైదేశపు పళ్లని తెలిస్తే ఎవరు కొంటారు? దాచి అమ్మితే మరీ మంచిది. శనివారాలు తనిఖీ అధికారిణి బల్లబల్లా తిరుగుతుంది; పలక మీద దేశం తప్పుంటే జరిమానా వేస్తుంది.

సంతకు చేరగానే అతను పలకా సుద్దముక్కా ఆమె చేతిలో పెట్టాడు.

"నా వేలు వంగట్లేదు. నీ రాత ముత్యాల్లా ఉంటుంది. ఏ దేశం పళ్లో అందరికీ కనబడేలా పెద్దగా రాయి పిన్నీ."

నాలుగు బల్లల అవతల అధికారిణి బఠాణీల వాడి పలక చదువుతోంది. సైమి రాసింది, గుండ్రంగా, ఒక్క అక్షరం వణక్కుండా: ఫిన్లాండ్.

తాపానీ చూసి పకపకా నవ్వాడు.

"ముప్పై ఏళ్లుగా అదే రాస్తున్న చెయ్యి. దానికి ఇంకో దేశం ఎక్కడ తెలుస్తుందిలే."

మోచేత్తో తుడిచేసి, ఎడమచేత్తో వంకరటింకరగా ఎస్తోనియా అని తనే రాసుకున్నాడు. వరసలో వాళ్లందరూ చదివారు. ముందున్నామె ఒక పండు నోట్లో వేసుకుని, లీటరు కొలపాత్రతో రెండు కొలవమంది. ఒక్క వీపూ కదల్లేదు.

"నీ బుట్టలు దించనా పిన్నీ?"

సైమి వేళ్లకంటిన సుద్దను గౌనుకు తుడుచుకుంది. బుట్టలు వ్యానులోనే ఉన్నాయి, సైకిలూ అందులోనే ఉంది. ఆమె తలెత్తకుండా, వాటిని అక్కడే వదిలేసి, సంత పక్కనున్న సరస్సు వైపు నడిచి వెళ్లిపోయింది.