జమున పంటి నొప్పి

జమునకు పంటి నొప్పి లేదు. అయినా వారం రోజులుగా బుగ్గన లవంగం పెట్టుకుని తిరుగుతోంది. నస్పూర్ గనుల కాలనీలో అత్త కిష్టవ్వ కళ్లుగప్పి కరీంనగర్ ఆసుపత్రికి పోవడానికి అంతకన్నా మర్యాదైన రోగం ఆమెకు దొరకలేదు. తీరా చూస్తే, మెత్తటి అన్నం గిన్నె పట్టుకుని అత్త కూడా బస్సెక్కింది!

అసలు సంగతి రవిక కింద ఉంది. జమున చనుమొనలు మొదటినుంచీ లోపలికి ముడుచుకునే ఉంటాయి. మొగుడు నిరంజన్ ఎన్నడూ ఒక్క మాటా అనలేదు. భయమల్లా పోశవ్వతోనే. కాలనీలో ఏ బాలింతకైనా నూనె రాసి వేన్నీళ్లు పోసేది ఆమే. నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే కడుపు పండకముందే ఆపరేషన్‌తో సరిచేయించుకోవాలనుకుంది జమున.

డాక్టర్ అనసూర్య పరీక్షించి చూసింది.

"నొక్కితే బయటికొస్తున్నయి. ఇది రోగం కాదమ్మా. పిల్లలు కావాలె గదా?"

"కావాలె మేడం."

"ఆపరేషన్‌ల పాలనాళాలు తెగొచ్చు. తెగితే పాలియ్యలేవు. చేయించుకోకున్నా ఇయ్యగలిగెటోళ్లు చానమంది ఉన్నరు. ఎటైనా నేను మాటియ్యలేను. ఆపరేషన్ రేపటికి రాయమంటవా? నీ వెంట వచ్చినోళ్లతోని మాట్లాడి చెప్పు."

పోశవ్వ కళ్లకు జడిసి బిడ్డ పాలను పణం పెట్టాలా? పెట్టకపోతే రేపు కాలనీ నల్లా దగ్గర ఎవరి కథ నడుస్తుంది?

బయట బెంచీ మీద కిష్టవ్వ ఆత్రంగా లేచింది. "పన్ను పీకిండ్రా?"

"పన్ను కాదత్తమ్మా..." చెవిలో మొత్తం చెప్పేసింది జమున. కిష్టవ్వ పెదవులు బిగుసుకున్నాయి. జమున తల పైకెత్తలేదు.

"అంటే, నీ పన్ను మంచిగనే ఉందా?"

"ఉంది."

"నీ ముంగట నమిలితే నీ పానం గుంజుతదని వారం సంది నేను ఉడికిన మక్కగుడాలు ముట్టలే గద పిల్లా!"

జమున నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాకు ఆపరేషన్ వద్దత్తమ్మా. పాలే పోతే ఎట్ల? కానీ పోశవ్వ..."

"పోశవ్వెందుకు? నా చేతులు పడిపోయినయా? బాలింతవైతే నీళ్లు నేనే పోస్త. పో, వద్దని చెప్పిరా."

బస్టాండు బయట కాల్చిన మక్కకంకులు అమ్ముతున్నారు. అన్నిట్లోకీ ముదురుదాన్ని ఏరి కోడలి చేతికిచ్చింది కిష్టవ్వ.

"నములు, సూస్త."

జమున లవంగం ఉమ్మేసి, కంకి కొరికింది.