కార్డులో లేని మాట

పాపకు నాలుగో నెల నడుస్తుండగా నేను కరీంనగర్‌లోని ఒక నర్సింగ్ కాలేజీకి వెళ్లి రోగిగా నటించాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు అక్కడ పాఠాలు చెబుతుంది. మనసు బాగాలేని వాళ్లతో ఎలా మాట్లాడాలో విద్యార్థినులు ముందు నటించేవాళ్ల దగ్గర నేర్చుకుని, తర్వాతే అసలు రోగుల దగ్గరికి వెళ్లాలట. కాలేజీలో నాటకాలు వేశావు కదా, ఒక్క పూట రమ్మంది. పాపను అత్తమ్మకు అప్పగించి చొప్పదండిలో బస్సెక్కాను. పాప నా చేతుల్లో లేని ఆ గంటసేపు హాయిగా ఊపిరాడింది. అలా ఆడినందుకే భయమేసింది.

నాకిచ్చిన కార్డులో నేనొక మరమగ్గం కార్మికుడి భార్యను. మూడు నెలల బాబు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే ఏడుపొస్తుంది. అడిగిందానికే జవాబు చెప్పాలి. నిన్ను నువ్వు గాని, బిడ్డను గాని ఏమైనా చేయాలనిపిస్తోందా అని అడిగితే లేదనాలి. ఆ ప్రశ్న అడుగుతారా లేదా అన్నదే వాళ్లకు పరీక్ష.

కార్డును రెండోసారి చదివాను. మగ్గం, మగపిల్లాడు తప్ప మిగతాదంతా నేనే. ఎవరికైనా తెలిస్తే పిచ్చిదంటారు, పాపను నా దగ్గర ఉంచరు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మొదట వచ్చిన మందమర్రి అమ్మాయి, నేను రెండు మాటలు చెప్పీ చెప్పకముందే నా చెయ్యి పట్టుకుంది. "ఏం గాదక్కా, ఫికర్ జెయ్యకు. మా వదినెకు గూడ గిట్లనే అయింది."

రెండో అమ్మాయి దిష్టి తీయించుకోమంది. అందరూ నవ్వారు. మూడో అమ్మాయి కూడా ఏం గాదనే అంది. స్నేహితురాలికి విసుగొచ్చింది.

"ఏం గాదు అంటే పేషెంటు నోరు మూసినట్టే. గా మాట ఇంటికాడ చుట్టాలు అంటరు. మీరు చుట్టాలా?"

నిజమే. ఆ మాట ఫోన్‌లో నన్ను కన్న అవ్వ, వంటింట్లో అత్తమ్మ, డ్యూటీకి పోతూ మా ఆయన అంటూనే ఉన్నారు. ప్రేమతోనే అన్నారు.

నాలుగో అమ్మాయిది ఆదిలాబాద్ వైపు పల్లె. నుదుటి మీద చెమట. నా చెయ్యి పట్టుకోలేదు. తడబడుతూ ఆ ప్రశ్నే అడిగింది.

లేదనాలి. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "పాపను ఎత్తుకొని డాబా మీదికి పోను. పిట్టగోడ కాడ నా చేతులు ఇడ్సిపెడ్తయేమో అని భయం."

స్నేహితురాలు చప్పట్లు కొట్టింది. ఎంత బాగా చేశావంది. నేనూ నవ్వాను.

బయట నల్లా దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఆ అమ్మాయి వచ్చింది.

"అక్కా, కార్డుల బాబు అని ఉంది. మీరు పాప అన్నరు."

పొరపాటున వచ్చిందన్నాను. ఆమె కదల్లేదు.

"ఇప్పుడు కార్డు లేదు. మల్ల అడుగుతున్న."

మళ్లీ అదే ప్రశ్న. "చెయ్యాలని లేదు. చేస్తనేమో అని భయం," అన్నాను. ఆమె ఏం గాదనలేదు. తనకు అంత తెలియదని, మేడంకు చెబుదామని, డాక్టర్ దగ్గరికి మాత్రం ఒక్కదాన్నే పోవద్దని అంది. నేను తలూపాను. స్నేహితురాలు వెంటనే డాక్టర్‌తో మాట్లాడి మర్నాటికి టైం తీసుకుంది.

ఇంటికి చేరేసరికి అత్తమ్మ పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపుతోంది. రేపు నాతో దవాఖానకు రావాలన్నాను.

"పాపకేమైంది?"

"పాపకు గాదత్తమ్మా. నాకు."

పిట్టగోడ సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతులనే చూశాను, పాపను నాకు దూరంగా జరుపుతుందేమోనని. ఆమె ఏం గాదనబోయి ఆగింది. పాపను చాపమీద పడుకోబెట్టి లేచి వెళ్లి, డాబా మెట్ల తలుపుకు తాళం వేసి, తాళంచెవిని కొంగుకు కట్టుకుంది. తాళం వేయాల్సినంత మనిషినయ్యానా?

ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది.

"రేపు పాపను నేనెత్తుకుంట. నువ్వు సంచి పట్టుకో."